నల్లార్బర్ దాటిన కడప పడవ

ఉదయం అయిదుంపావుకి సిడ్నీ హారిస్ పార్క్‌లో బయల్దేరాం. ముందు జిలానీ అంకుల్ పాత జీపు, దాని వెనక ట్రెయిలరు, ట్రెయిలరు మీద పందొమ్మిది అడుగుల తెరచాప పడవ. పెరట్లోంచి దాన్ని బయటికి లాగడానికి ముందురోజు పక్కింటివాళ్ల కంచెలో రెండు పలకలు ఊడదీయాల్సి వచ్చింది. ఆ ఇంటాయన పైజమాతోనే వచ్చి నిలబడి, పడవ వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. తొమ్మిదేళ్లు రంపం మోత భరించిన మనిషి, సంతోషంతోనే ఊపి ఉంటాడు.

ఇది రెండువేల సంవత్సరం మే నెల మాట. కంప్యూటరు ప్రోగ్రాముల తేదీల్లో సంవత్సరానికి రెండంకెలున్న చోట నాలుగంకెలు పెట్టడం అప్పట్లో నా ఉద్యోగం. జనవరి ఒకటిన ప్రపంచం ఏమీ కూలిపోలేదు. ఏప్రిల్‌లో నా కాంట్రాక్టు మాత్రం కూలింది. అద్దె గదిలో కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నవాణ్ణి, అదే వీధిలో ఉండే అంకుల్ పిలిచి అడిగారు.

"పెర్త్ దాకా తోడొస్తావా అబ్బీ? నాలుగు వేల కిలోమీటర్లకి పైనే. ఒగనితో అయ్యే పని కాదు."

అంకుల్‌ది కడప. నీటి పైపుల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కూతురు షబానా పెర్త్‌లో కానింగ్ వేల్‌లో పళ్ల డాక్టరు. ఆమె దగ్గరికి మారిపోదామని ఇల్లు అమ్మేశారు. ఫాతిమా ఆంటీ రెండు వారాల ముందే విమానంలో వెళ్లిపోయారు. ఇల్లు కొన్నవాళ్లు నెలాఖరుకల్లా పెరడు ఖాళీ చేయమన్నారు. పడవ పెర్త్‌కన్నా వెళ్లాలి, ముక్కలుగా కోసి చెత్తలోకన్నా వెళ్లాలి. ఆయన సొంత చేతులతో ప్లైవుడ్డు వంచి, జిగురు పూసి కట్టిన ఆ పడవ ఇంతవరకు ఒక్క నీటిచుక్కని తాకలేదు. ఆంటీ దాన్ని సవతి అనేవారు.

"తేల్తాదో మునుగుతాదో సూడాల. అంతే నా కోరిక," అన్నారు అంకుల్.

నేను కాకినాడవాణ్ణి. సముద్రానికి అరమైలు దూరంలో పుట్టాను, ఈత రాదు. కడపాయన పడవ కట్టడమేమిటి, కాకినాడవాడు నీళ్లంటే భయపడడమేమిటి అని దారి పొడుగునా నవ్వుకుంటూనే ఉన్నాం.

ఇలాంటి ప్రయాణం చేయాలనుకునేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ట్రెయిలరు మీద బరువు ఇరుసుకి ముందువైపు కాస్త ఎక్కువగా ఉండాలి. వెనక బరువెక్కితే ట్రెయిలరు తోక ఊపుతుంది, ఒకసారి ఊపడం మొదలుపెడితే జీపుని కూడా తనతో తీసుకుపోతుంది. అంకుల్ బాత్రూంలో వాడే తూకం యంత్రాన్ని ట్రెయిలరు ముక్కు కింద పెట్టి, మూడుసార్లు చూసి, పడవలో పరుపులూ బట్టలూ తప్ప ఇంకేమీ పెట్టకూడదని ఆర్డరు వేశారు.

నేను అక్కడే తప్పు చేశాను. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, ఒక బండి ఖాళీగా వెళుతోందంటే ప్రాణం ఒప్పదు. మిఠాయి కొట్లో నేను నోరు జారి పెర్త్ అన్నాను. మర్నాడు సాయంత్రానికి నా గది ముందు సామాను చేరింది. కానింగ్ వేల్‌లో ఉన్న తోడల్లుడికి రెండు సోనామసూరి బస్తాలు, ఒక మేనకోడలికి పెద్ద ప్రెషర్ కుక్కరు, ఇంకెవరి చెల్లెలికో కరివేపాకు, మరొకరి వదినగారికి కోయంబత్తూరు నుంచి తెప్పించిన వెట్ గ్రైండరు. "పడవలో బోలెడు చోటుంటుంది కదండీ," అన్నారు ఆ గ్రైండరు తెచ్చినాయన. కాదనడానికి నోరు రాలేదు. అంకుల్ తాళాలు అప్పగించడానికి వెళ్లిన సమయం చూసి అన్నీ పడవ గదిలో ముందువైపు, పరుపుల కింద దూర్చేశాను. తూకం అప్పటికే అయిపోయింది.

మొదటిరోజు బ్లూ మౌంటెన్స్ ఎక్కడానికే తెల్లారిపోయి, పొద్దెక్కిపోయింది. గంటకి నలభై కిలోమీటర్లకి మించి లాగలేదు జీపు. లిత్‌గోలో పెట్రోలు పోయించుకుంటుంటే ఒక ముసలాయన పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "సముద్రం మీ వెనకాల ఉంది, తెలుసా?" అన్నాడు. ఆ తర్వాత వారంలో ఈ మాటే ఎంతమంది అన్నారో లెక్కలేదు. ప్రతివాడూ తనే మొదట కనిపెట్టినట్టు అన్నాడు. అంకుల్ ప్రతివాడికీ మొదటిసారి విన్నట్టే నవ్వి చూపించారు.

సాయంత్రం అయిదుకి నింగన్ చేరి మోటెల్‌లో దిగాం. రెండు మంచాల గది, టీ కాచుకునే కెటిల్, పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. చీకటి పడ్డాక నడపకూడదన్నది అంకుల్ పెట్టిన రెండో నిబంధన, కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి. తిండికి ఇబ్బంది లేదు. హలాల్ మాంసం దొరకదని ఆయన గ్యాసు పొయ్యీ, ఉప్మారవ్వా, సార్డీన్ డబ్బాలూ తెచ్చుకున్నారు. రోజుకొకసారి ఉప్మా, ఒకసారి చేపల కూర. ఎడారి మధ్యలో ఇంగువ పోపు వాసనకి లారీ డ్రైవర్లు తలలు తిప్పి చూసేవారు.

రెండోరోజు కోబార్ మీదుగా బ్రోకెన్ హిల్. ఎర్రమట్టి, ఈమూ పక్షులు, తిన్నగా పోయే రోడ్డు. మూడోరోజు సౌత్ ఆస్ట్రేలియాలోకి పురుగు రాకుండా చేసే పండ్ల తనిఖీ దగ్గర జీపులోని మా అరటిపళ్లూ టమోటాలూ పోయాయి, పడవ జోలికి మాత్రం రాలేదు. అంతకుముందే ఆపి వీలైనన్ని తిన్నాం, కడుపునొప్పితో పోర్ట్ అగస్టా చేరాం. నాలుగోరోజు మధ్యాహ్నం మూడుకి సెడూనా. అక్కడ జెట్టీ మీద చేపలు పడుతున్న ఒకావిడ మా పడవని చూసి, "ఇక్కడే దించేయచ్చు కదా, నీళ్లు ఇక్కడా ఉన్నాయి," అంది. అంకుల్ చాలాసేపు ఆ నీళ్లవైపు చూశారు.

"ఫాతిమా సూడకుండా దించితే రేపు అన్నం పెట్టదు," అన్నారు చివరికి.

అయిదోరోజు నల్లార్బర్. చెట్టన్నది లేని మైదానం అని విన్నాను కానీ, ఇంత దూరం ఇంత చదునుగా ఉంటుందని ఊహించలేదు. పెట్రోలు ధర సిడ్నీలో కంటే సగానికి సగం ఎక్కువ. ఒకచోట రోడ్డు దిగి కొద్దిగా నడిస్తే భూమి హఠాత్తుగా ఆగిపోయి, కింద ఎక్కడో సముద్రం ఉంది. కొండచరియ అంచున నిలబడితే గాలి చొక్కా పీకేస్తోంది. తిమింగలాలు వచ్చేది వచ్చే నెలట. నేను మూడడుగులు వెనకే నిలబడ్డాను.

ఒంటిగంటన్నరకి వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దు చేరాం. అక్కడ గడియారం ముప్పావు గంట వెనక్కి తిప్పుకోవాలి. ఇంకో మూడువందల కిలోమీటర్లు పోయాక మళ్లీ ముప్పావు గంట. ఈ మధ్యలోని టైము ప్రభుత్వం పెట్టింది కాదు, ఈ రోడ్డు మీద పెట్రోలు బంకులవాళ్లు వాళ్లలో వాళ్లు అనుకుని పెట్టుకున్నది. మూడేళ్లు తేదీలూ టైములూ సరిచేసి బతికినవాణ్ణి, ఇలాంటిదొకటి ఉందని నాకే తెలియదు. చేతి గడియారం తిప్పుకుంటూ పిల్లాడిలా సంబరపడ్డాను.

ఆ సంబరం అయిదు నిమిషాలే. అంకుల్ నమాజు చేసుకోవడానికి, పెట్రోలు బంకూ హోటలూ కలిసిన రోడ్‌హౌస్ వెనక్కి వెళ్లారు. నేను జీపు దగ్గర ఉన్నాను. తనిఖీ అధికారిణి వచ్చి పడవ గది తలుపు తీయమంది. ఆ తలుపు పడవకి వెనకవైపున ఉంటుంది.

"ఇవన్నీ బయటపెట్టండి," అంది.

పెట్టాను. పరుపులు, బియ్యం బస్తాలు, కుక్కరు, గ్రైండరు. ఆవిడ గ్రైండరు మూత తీసి లోపలి రాళ్లని తట్టి చూసి, "సిమెంటు కలపడానికా?" అంది. దోసెల పిండికి అని చెప్పాను. నమ్మినట్టు లేదు. కరివేపాకు పొట్లం విప్పి, ఒక రెమ్మ నలిపి వాసన చూసి, "చాలా బాగుంది," అని మెచ్చుకుని చెత్తడబ్బాలో వేసింది. ఎవరో నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి దిష్టికని పడవ ముక్కుకి కట్టిన దండ కూడా తెంపింది.

అంకుల్ వచ్చేలోగా అన్నీ లోపల పెట్టేయాలి. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ముందువైపు దాకా మోయడానికి టైము లేక బస్తాలూ గ్రైండరూ తలుపు పక్కనే తోసేసి, పైన పరుపులు కప్పేశాను. తాడు కట్టలేదు. అంకుల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయిపోయిందా? ఏమన్నా తీసుకున్యారా?" అన్నారు. "నిమ్మకాయలు తీసుకున్నారండి," అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

పన్నెండు కిలోమీటర్లు పోతే యూక్లా. ఊరు దాటగానే రోడ్డు కొండ దిగుతుంది. అంకులే నడుపుతున్నారు. దిగడం మొదలుపెట్టిన కాసేపటికి వెనకనించి ఎవరో మెల్లగా తోస్తున్నట్టు అనిపించింది. అద్దంలో చూస్తే పడవ ఎడమకి, తర్వాత కుడికి, మళ్లీ ఎడమకి ఊగుతోంది. ఎదురుగా మూడు పెట్టెల రోడ్ ట్రెయిన్ లారీ వస్తోంది. అంకుల్ బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, ట్రెయిలర్ బ్రేకు మీట మాత్రం నొక్కారు. లారీ పక్కనించి పోయినప్పటి గాలికి పడవలోంచి ధడ్‌మని ఒక చప్పుడు, ఆ వెంటనే ఇంకొకటి. కొండ దిగువన బండి ఆగింది.

"వెనకాల బరువుండాది. ఏమి బరువది?" అన్నారు ఆయన, నావైపు చూడకుండా.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నాకు తెలియకుండానే తలుపు మీదికి పోయింది. దిగి వెనక్కి పరిగెత్తాను.

గ్రైండరు పడిపోయి ఉంది. అందులోని రాయి ఊడి, దొర్లి, పడవ పక్కపలకని లోపలినుంచి పొడిచింది. అరచేయి పట్టేంత చీలిక. అందులోంచి బయటి ఎర్రమన్ను కనిపిస్తోంది. అంకుల్ మోకాళ్ల మీద వంగి, చీలిక అంచులని వేలితో తడిమారు. తర్వాత బియ్యం బస్తా మీద రాసిన తోడల్లుడి పేరు చదివారు, గ్రైండరుకి అంటించిన వదినగారి అడ్రసు చదివారు.

"ఇవన్నీ యాడివి?"

చెప్పాను. మొహమాటం అని చెప్పాను, మీరు కోప్పడతారని దాచానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. బండి తిప్పి, మూడు కిలోమీటర్లు వెనక్కి ఎక్కి, యూక్లా మోటెల్ ముందు ఆపి, గది తాళం తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఉప్మా చేయలేదు. నేను చిప్సు కొనుక్కుని తిన్నాను. ఒక మనిషి తొమ్మిదేళ్ల కష్టాన్ని దోసెలపిండి రుబ్బే రాయితో పగలగొట్టానన్న సిగ్గు నన్ను నిలువునా తినేసింది.

మర్నాడు ఏడింటికి ఆయనే లేపారు. జీపులో జిగురు డబ్బాలూ ఫైబర్‌గ్లాసు గుడ్డా ఉన్నాయి, అతుకు వేయడానికి పలక లేదు. మోటెల్ నడిపే మార్గీ అనే ఆవిడ కథంతా విని, వంటింటి వెనక పడేసిన చెక్క బీరువా తలుపు ఒకటి తెచ్చి ఇచ్చింది. "నా మొదటి మొగుడి పనితనం. దేనికన్నా పనికొస్తుందని ఇన్నాళ్లూ ఉంచాను," అంది.

అంకుల్ దాంట్లోంచి ముక్క కోసి చీలికకి అమర్చి, నా చేతిలో గరుకుకాగితం పెట్టారు. "రుద్దు. లోపలా బయటా. అంచు యాడుందో కండ్లు మూసుకుని తడిమినా తెలియకూడదు."

రెండురోజులు రుద్దాను. వేళ్ల తోలు లేచిపోయింది. ఆయన తడిమి చూసి "ఇంగా" అనడం, నేను మళ్లీ రుద్దడం. మే నెల చలికి జిగురు ఆరదని, మధ్యాహ్నం ఎండలో పడవ మీద నల్ల ప్లాస్టిక్ కప్పి వేడి పట్టించాం. రెండోరోజు సాయంత్రం టీ తాగుతూ ఆయన మామూలుగా మాట్లాడారు.

"పెన్నలో ఏడాదికి పది నెలలు ఇసకే అబ్బీ. ఉజ్జోగమంతా నీళ్లను పైపుల్లో తోసేదే. నీళ్ల మింద ఒగసారి కూచోవాలని యాభై ఏండ్లకు బుద్ధి పుట్టింది. నవ్వినోళ్లంతా నవ్వినారు. నువ్వు నవ్వలేదని తోడు రమ్మన్యా."

కళ్లలో నీళ్లు తిరిగాయి, జిగురు ఘాటు అనుకుంటారులే అని తల తిప్పుకున్నాను.

ఎనిమిదోరోజు ఉదయం ఆరింటికి మళ్లీ బయల్దేరాం. ఈసారి బస్తాలూ గ్రైండరూ ఇరుసుకి సరిగ్గా పైన, తాడుతో మూడు చుట్లు. పారేద్దామన్నాను నేను. "ఒగరి వస్తువు మన చేతికొచ్చినాక పారేసేదేముంది, ఇయ్యాల్సిందే," అన్నారు అంకుల్. కైగూనా నుంచి బలడోనియా వైపు నూటనలభై కిలోమీటర్లకి పైగా ఒక్క మలుపు కూడా లేని రోడ్డు నా చేత నడిపించారు. ఆ రాత్రికి బలడోనియా, మర్నాటికి మెరిడిన్, పదోరోజు పదకొండున్నరకి పెర్త్ చేరాం. కానింగ్ వేల్‌లో వదినగారు గ్రైండరు అందుకుని, చుట్టూ తిప్పి చూసి, "డ్రమ్ముకి సొట్ట పడిందేంటండీ?" అన్నారు. అంకుల్ నా మొహం చూసి గట్టిగా దగ్గారు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి కానింగ్ నది ఒడ్డున పడవ దించే ర్యాంపు దగ్గరికి వెళ్లాం. షబానా వచ్చింది, ఫాతిమా ఆంటీ గొడుగుతో వచ్చారు. అంకుల్ జీపు వెనక్కి నడిపారు. ట్రెయిలరు చక్రాలు మునిగాయి, పడవ మెల్లగా జారింది, జారి, ఒక్కసారి ఊగి, నీళ్ల మీద నిలబడింది. ఆంటీ బిస్మిల్లా అనుకుంటున్నారు.

"ఎక్కు," అన్నారు అంకుల్ నాతో.

"నాకు ఈత రాదండి."

"దానికేమి, జాకెట్టు ఉండాది. అతుకు మింద చెయ్యి పెట్టి కూచో. తడి తగిలితే చెప్పు."

లైఫ్ జాకెట్ బిగించుకుని ఎక్కాను. చిన్న తెరచాప ఎత్తారు. గాలి పట్టింది. నేను మోకాళ్ల మీద కూర్చుని, అరచేయి అతుక్కి ఆనించి చూస్తున్నాను. అవతల ఒక పలక మందాన నది పారుతోంది, ఆ చల్లదనం చేతికి తెలుస్తోంది. తడి లేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. అప్పుడు నా పాదాలకి నీళ్లు తగిలాయి.

"అంకుల్, నీళ్లు," అన్నాను.

ఆయన వంగి చూశారు. నీళ్లు అతుకు దగ్గర రావడం లేదు. పడవ మధ్యలో, గాలికి పక్కకి కొట్టుకుపోకుండా నీళ్లలోకి దించే అడుగుపలక ఉండే పెట్టె మూలనుంచి సన్నటి ధారగా వస్తున్నాయి. అంకుల్ ఆ మూలని వేలితో తడిమి, నా అతుకుని తడిమి, మళ్లీ ఆ మూలని తడిమారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. అంత నవ్వు ఆయన దగ్గర ఉందని నాకు తెలియదు.

"నువ్వు పగలగొట్టిన కాడ కాదు రా. నేను అతికించిన కాడ. తొమ్మిదేండ్లు సూసి సూసి అతికించిన కాడ."

ఒడ్డునుంచి షబానా అరుస్తోంది, "డాడీ, కమ్ బ్యాక్. ఇట్స్ సింకింగ్." అంకుల్ నా చేతికి చుక్కాని కర్ర ఇచ్చి, తను మగ్గు తీసుకుని నీళ్లు తోడి బయట పోయసాగారు.

"తిప్పుదామా అండీ ఒడ్డుకి?"

"ఇంగో సుట్టు పోనీ. నేను తోడుతా ఉంటా."

కాకినాడవాణ్ణి మొదటిసారి పడవ నడిపాను, ఆ నది మీద, చీలమండల దాకా నీళ్లలో. ఇంకో చుట్టు కాదు, మూడు చుట్లు తిరిగాం. నాకు భయం వేయలేదు అంటే అబద్ధం. అయినా దిగాలనిపించలేదు.

సోమవారం సిడ్నీ రైలెక్కాను. కూర్చునే సీటు టికెట్టే తీసుకున్నాను, మూడు రాత్రులు. ఈ దారిలో వెళ్లదలుచుకున్నవాళ్లు దుప్పటి తెచ్చుకోవడం మంచిది. రైలు దారి రోడ్డుకి బాగా ఉత్తరంగా పోతుంది, సముద్రం కనిపించదు. పక్కసీటులో రిటైరైన టీచరమ్మ ఒకావిడ కిటికీలోంచి చూసి చూసి, "ఇందులో చూడటానికేమీ లేదు, అయినా కళ్లు తిప్పుకోలేకపోతున్నాను," అంది. నాకూ అలాగే ఉంది. ఈ దేశంలో మూడేళ్లు తెరముందు కూర్చుని పనిచేశాను కానీ, ఎంత పెద్దదో ఈ పదహారు రోజుల్లోనే తెలిసింది. మనుషులు దూరంగా దూరంగా ఉన్నారు. ఉన్నవాళ్లు మాత్రం బండి ఆపిన ప్రతిచోటా ఏదో ఒకటి అడగకుండా వదల్లేదు.

బుధవారం ఉదయం అడిలైడ్‌లో రైలు కొన్ని గంటలు ఆగింది. స్టేషనులో ఫోను బూత్ కనిపిస్తే కానింగ్ వేల్‌కి చేశాను. ఫాతిమా ఆంటీ ఎత్తారు. నేను రైలెక్కిన రోజే ఆ మూల మళ్లీ అతికించారట. నిన్న సాయంత్రం నీళ్లలోకి దించారట.

"ఇప్పుడు కారడం లేదా ఆంటీ?"

"లేదంట. తెల్లారకముందే పోయి మళ్లా ఆడనే కూచున్యాడు. నువ్వు ఫోన్ చేస్తే ఒగ మాట చెప్పమన్యాడు నాయనా."

"ఏమిటండీ?"

"నీ అతుకు ఇంగా పొడిగానే ఉండాదంట."

ఫోను పెట్టేసి బయటికి వచ్చి, ప్లాట్‌ఫారం మీద ఎండ పడిన బెంచీ చూసుకుని కూర్చున్నాను. సిడ్నీలో ఉద్యోగం లేదు, గది అద్దె కట్టాలి, ఇంకో రాత్రి ప్రయాణం ఉంది. అయినా నాకు చాలా సంతోషంగా ఉంది.